పీసీ నుంచి ఆర్డుయినోకి మూడు విలువలు పంపితే ఎందుకు కలగాపులగం అవుతున్నాయి?

పైథాన్ నుంచి ఊనోకి (ఆర్డుయినో బోర్డుల్లో ఒకటి) మూడు సర్వోల (చెప్పిన కోణానికి తిరిగే మోటార్ల) కోణాలు పంపిస్తుంటే ఒకదాని విలువ ఇంకోదానికి పోతోందన్నారు. వైరింగ్ మీద అనుమానం వద్దు. పీసీకి, బోర్డుకి మధ్య బైట్లు మోసే సీరియల్ లైన్‌కి ఏది మొదటిదో ఏది రెండోదో తెలియదు. బైట్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతుంటాయి, అంతే. 9045120 అని వస్తే ఎక్కడ తెంచాలో బోర్డుకి ఎవరు చెప్పాలి?

మీరే చెప్పాలి. మధ్యలో కామా, చివర న్యూలైన్ పెట్టి 90,45,120 అని ఒక లైనుగా పంపండి. బోర్డు వైపు అక్షరం వచ్చినప్పుడల్లా ఒక క్యారెక్టర్ అర్రేలో వేసుకుంటూ పోండి (సైజు దాటకుండా చూసుకోండి). న్యూలైన్ కనిపించాకే కామాల దగ్గర విడగొట్టి అంకెలుగా మార్చండి. మూడూ రాకపోతే ఆ లైను పారేయండి. సీరియల్ నుంచి అంకెని నేరుగా చదివే పార్స్‌ఇంట్ (parseInt) ఫంక్షన్ సులువే గానీ, అంకె తర్వాత ఏమీ రాకపోతే డీఫాల్టుగా ఒక సెకను దాకా ఎదురుచూస్తుంది, సర్వోలకి నత్తనడకే. నేనైతే వాడను.

9600 బాడ్ (సీరియల్ లైన్ వేగం)లో సెకనుకి సుమారు 960 బైట్లు వెళ్తాయి. న్యూలైన్‌తో కలిపి పై లైను 10 బైట్లు, అంటే 10 మిల్లీసెకన్ల పైచిలుకు. లూప్‌లో పెద్ద డిలేలు పెడితే ఊనోలో వచ్చిన బైట్లు చదివేదాకా ఆగే 64 బైట్ల బఫర్ నిండి మిగతావి గల్లంతు.

ఇంకోటి, పోర్ట్ తెరవగానే ఊనో రీసెట్ అవుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికే క్లోన్ (నకలు) బోర్డులూ మామూలుగా అంతే. కాబట్టి పైథాన్‌లో పోర్ట్ ఒక్కసారే తెరిచి, రెండు సెకన్లు ఆగి పంపడం మొదలుపెట్టండి. విలువ పంపిన ప్రతిసారీ తెరిచి మూస్తుంటే బోర్డు రీసెట్లలోనే ఉంటుంది.