ఎండలో తీసిన చీకటి సినిమా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: చాలా కాలం క్రితం టీవీలో ఒక నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమాను సగం నుంచి చూశాను. ఎడారిలో ఎక్కడో ఉండిపోయిన వజ్రాల కోసం ఒక వేటగాడు తిరిగి వస్తాడు. అతన్ని ఒకప్పుడు చావగొట్టిన అధికారి అక్కడే కాచుకుని ఉంటాడు. అది ఏ సినిమా? మళ్లీ వెతుక్కుని చూడదగినదేనా?

జవాబు: మీరు చెప్పిన ఆనవాళ్లను బట్టి అది 1949లో పారమౌంట్ సంస్థ విడుదల చేసిన ‘రోప్ ఆఫ్ శాండ్’ అయి ఉండాలి. నిర్మాత హాల్ వాలిస్, దర్శకుడు విలియం డీటర్లే. బర్ట్ లాంకాస్టర్ పోషించిన మైక్ డేవిస్, నైరుతి ఆఫ్రికాకు (ఇప్పటి నమీబియాకు) వేటకు వచ్చే డబ్బున్నవాళ్లకు దారి చూపించి పొట్టపోసుకునే మనిషి. అతను తీసుకువెళ్లిన వారిలో ఒకడు వజ్రాల కంపెనీ నిషేధిత ప్రాంతంలోకి చొరబడి, రాళ్లు దొరికినా నీళ్లు దొరకక ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. అతన్ని వెతుకుతూ వెళ్లిన డేవిస్ కంపెనీ కాపలాదళానికి చిక్కుతాడు. రాళ్లు ఎక్కడున్నాయో చెప్పమని దళాధిపతి వోగెల్ ఎంత హింసించినా నోరు విప్పడు. బతుకుతెరువు పోగొట్టుకుని వెళ్లిపోయిన ఆ మనిషి రెండేళ్ల తర్వాత మళ్లీ అదే ఊరికి రావడంతో అసలు కథ మొదలవుతుంది. ముగింపు చెప్పి మీ ఆసక్తిని చెడగొట్టను.

చూడదగినదే. అయితే ప్రేమకథ కోసం చూస్తే నిరాశ తప్పదు. అది కథకు పైన కుట్టిన అంచులా ఉంటుంది. కంపెనీ పెద్ద మార్టింగేల్‌గా క్లాడ్ రెయిన్స్, వోగెల్‌గా పాల్ హెన్రీడ్ ఒకరినొకరు అసహ్యించుకుంటూనే ఒకరి అవసరం ఒకరు తీర్చుకునే తీరు కోసం చూడాలి. ఈ ఇద్దరూ, ఇందులో చిన్న పాత్ర వేసిన పీటర్ లోరీ కూడా, 1942లో ఇదే నిర్మాత తీసిన ‘కాసాబ్లాంకా’లో నటించినవారు. అక్కడ త్యాగమూర్తిగా కనిపించిన హెన్రీడ్ ఇక్కడ కొరడా మనిషి కావడం ఆనాటి ప్రేక్షకులకు చిన్న షాకే అయి ఉంటుంది. కోరీన్ కాల్వే హాలీవుడ్‌కు పరిచయమైంది ఈ సినిమాతోనే. డేవిస్ నుంచి రహస్యం రాబట్టడానికి మార్టింగేల్ నియమించే ఫ్రెంచి యువతి పాత్ర ఆమెది.

ప్రశ్న: ‘ఇసుక తాడు’ అనే పేరుకు అర్థం ఏమిటి?

జవాబు: ఇంగ్లీషులో ఆ మాటకు పట్టు లేని కట్టు అని అర్థం, పేనినంతసేపూ పట్టదు, విడిపోవడానికి. ఇసుక నుంచి తైలం తీయడాన్ని అసాధ్యానికి గుర్తుగా చెప్పుకునే మనకు ఈ ఊహ కొత్తదేమీ కాదు. అయితే సినిమా మొదట్లో వినిపించే వ్యాఖ్యానం దాన్ని మరో రకంగా వాడుకుంది: వజ్రాలున్న నేలను ఎడారి ఒక ఇసుక తాడులా చుట్టుముట్టి ఉందట. రెండు అర్థాలూ కథకు సరిపోతాయి.

ప్రశ్న: ‘నోయిర్’ సినిమా అంటే వానలో తడిసిన వీధులు, రాత్రివేళ, గొడుగు కింద టోపీ పెట్టుకున్న మనిషి అని విన్నాను. మండే ఎండలో జరిగే కథను ఆ కోవలో ఎలా చేరుస్తారు?

జవాబు: నోయిర్ అనే ఫ్రెంచి మాటకు నలుపు అని అర్థమే గాని, ఆ నలుపు ఆకాశానిది కానక్కర్లేదు. యుద్ధం ముగిసిన కాలంలో వచ్చిన ఈ తరహా కథల్లో నేరం చేసేవాడికీ చట్టం అమలు చేసేవాడికీ మధ్య గీత చెరిగిపోయి ఉంటుంది, కథానాయకుడికి గతంలో తగిలిన దెబ్బ ఒకటి వర్తమానాన్ని నడిపిస్తుంది, నమ్మదగిన మనిషి ఎవరో చివరిదాకా తేలదు. ఈ మూడూ ఇక్కడున్నాయి. డేవిస్ మొదట దొంగ కాడు. దెబ్బలు తిన్న తర్వాత, ఆ రాళ్లు తనకు రావలసిన బాకీ అన్న నిశ్చయానికి వచ్చిన మనిషి. చట్టం పేరు చెప్పే వోగెల్ అతనికన్నా పెద్ద నేరస్థుడు. ఛాయాగ్రాహకుడు చార్లెస్ లాంగ్ ఇళ్ల లోపలి దృశ్యాల్లో నీడలను ఎంత పదునుగా వాడాడో, బయట ఇసుక తిన్నెల మీద దాగడానికి చోటే లేని వెలుతురునూ అంత కర్కశంగా వాడాడు. నా దృష్టిలో ఆ వెలుతురే ఈ సినిమాలో అన్నిటికన్నా భయపెట్టే వస్తువు. ఇంతకూ తెర మీద కనిపించే ఎడారి ఆఫ్రికాది కాదు. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో, యూమా దగ్గరి ఇసుక తిన్నెలది.

ప్రశ్న: అలాంటి నిషేధిత ప్రాంతం నిజంగా ఉండేదా, కథ కోసం కల్పించారా? నేల మీద పడి ఉన్న రాయిని ఏరుకుంటే దొంగతనం ఎలా అవుతుంది?

జవాబు: ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చినది ఇదే కాబట్టి కొంచెం విస్తరంగా రాస్తాను. ప్రాంతం నిజం. ఇప్పటి నమీబియా నైరుతి మూలన, దక్షిణాన ఆరెంజ్ నది నుంచి ఉత్తరాన 26వ డిగ్రీ దక్షిణ అక్షాంశం వరకు, సముద్రతీరం నుంచి దాదాపు 100 కిలోమీటర్లు లోపలికి ఉన్న నేలను 1908 సెప్టెంబరులో జర్మన్ వలస ప్రభుత్వం నిషేధిత ప్రాంతంగా ప్రకటించింది. జర్మన్ భాషలో దాని పేరు ‘ష్పెర్‌గెబీట్’. విస్తీర్ణం సుమారు 26,000 చదరపు కిలోమీటర్లు. అనుమతి లేనివాడు అందులో కాలు పెట్టడమే నేరం, రాయి ఏరాడా లేదా అన్నది తర్వాతి సంగతి.

అంతకు కొద్ది నెలల ముందు, 1908 ఏప్రిల్‌లో, ల్యూడెరిట్స్ రేవు నుంచి లోపలికి వెళ్లే రైలు పట్టాల మీద కమ్ముకునే ఇసుకను ఎత్తిపోస్తున్న జకరియాస్ లెవాలా అనే కూలికి ఒక మెరుపురాయి దొరికింది. అతను అంతకు ముందు దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రాల గనుల్లో పనిచేసి వచ్చినవాడు కాబట్టి అది ఏమిటో గుర్తుపట్టి, తన పై అధికారి ఆగస్ట్ ష్టౌహ్‌కు అప్పగించాడు. ష్టౌహ్ వెంటనే ఆ నేలలో తవ్వకపు హక్కులు సంపాదించి కోటీశ్వరుడయ్యాడు. చివరికి ఆ సంపదంతా పోగొట్టుకుని 1947లో పేదవాడిగా మరణించాడు. లెవాలాకు మాత్రం చెప్పుకోదగ్గ ప్రతిఫలమేదీ ముట్టలేదు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. 1883లో అడోల్ఫ్ ల్యూడెరిట్స్ అనే జర్మన్ వర్తకుడు అక్కడి స్థానిక నామా జాతి నాయకుడు యోసెఫ్ ఫ్రెడెరిక్స్ నుంచి ఈ తీరాన్నే కొన్నాడు. ఒప్పందంలో తీరం నుంచి లోపలికి 20 మైళ్లు అని రాసుకున్నారు. నామా ప్రజలకు తెలిసిన మైలు ఇంగ్లీషు మైలు, అంటే 1.6 కిలోమీటర్లు. సంతకాలయ్యాక ల్యూడెరిట్స్ తాను అన్నది 7.4 కిలోమీటర్ల జర్మన్ భౌగోళిక మైలు అన్నాడు. 32 కిలోమీటర్ల పట్టీ అనుకుని అమ్మినవాళ్లకు దాదాపు 148 కిలోమీటర్ల నేల చేజారింది. చరిత్రకారులు దీన్ని ‘మైళ్ల మోసం’ అనే పిలుస్తారు. ఆ తర్వాత 1904 నుంచి 1908 వరకు జర్మన్ సైన్యం హెరేరో, నామా జాతులపై సాగించిన మారణకాండను జర్మనీ ప్రభుత్వమే 2021లో జాతిహననంగా ఒప్పుకుంది. ఆ మారణకాండ ముగిసిన ఏడాదే వజ్రం బయటపడింది, అదే ఏడాది నిషేధిత ప్రాంతపు గీత గీశారు.

కాబట్టి సినిమాలో ‘దొంగ వజ్రాలు’ అన్న మాట వినిపించినప్పుడల్లా, ఎవరి దగ్గర దొంగిలించినవి అని అడగాలనిపిస్తుంది. చట్టప్రకారం జవాబు తేలిక: గీత లోపలి రాళ్లన్నీ కంపెనీవి. 1915లో దక్షిణాఫ్రికా సేనలు ఆ దేశాన్ని ఆక్రమించిన తర్వాత, 1920లో ఎర్నెస్ట్ ఓపెన్‌హైమర్ అనే గనుల వ్యాపారి జర్మన్ కంపెనీల హక్కులను కొని కన్సాలిడేటెడ్ డైమండ్ మైన్స్ అనే సంస్థ కిందికి తెచ్చాడు. జెండా మారింది, గీత మారలేదు. సినిమా తీసినవారు ఇంత దూరం ఆలోచించారని అనను. కానీ కంపెనీ పెద్దకూ వేటగాడికీ మధ్య నీతిలో తేడా ఏమీ చూపించకపోవడంలో, తెలిసో తెలియకో, ఆ ప్రశ్న దగ్గరికే వచ్చారు.

ప్రశ్న: కథ జరిగేది ఆఫ్రికాలో. మరి ఆఫ్రికా మనుషులు కథలో ఎక్కడ?

జవాబు: న్యాయమైన ఫిర్యాదు. గనిలో పనిచేసేవారు దాదాపు పక్క దృశ్యంగానే మిగిలిపోయారు. గుర్తుండే ఒకే ఒక నల్లజాతి పాత్ర, డేవిస్‌కు తోడు నిలిచే జాన్. ఆ పాత్ర వేసిన కెన్నీ వాషింగ్టన్ వృత్తి నటుడు కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎన్నో ఏళ్లుగా సాగిన వర్ణనిషేధాన్ని దాటి 1946లో జాతీయ లీగ్‌లో అడుగుపెట్టిన ఆటగాడు. అంతటి మనిషికి కథ ఇచ్చిన చోటు చాలా చిన్నది.

ప్రశ్న: వజ్రాలు భూమి లోతుల్లో, గనుల్లో కదా దొరుకుతాయి? సముద్రపు ఒడ్డున ఇసుకలోకి ఎలా వచ్చాయి? సినిమాల్లో చూపించినట్లు అవి ఇసుకలో ధగధగా మెరుస్తాయా?

జవాబు: పుట్టింది లోతుల్లోనే. దక్షిణాఫ్రికా లోపలి భాగాల్లో కింబర్లైట్ అనే అగ్నిశిల గొట్టాల ద్వారా అవి పైకి వచ్చాయి. కోట్ల సంవత్సరాలుగా వానలు ఆ శిలను అరగదీస్తే, ఊడిన రాళ్లను ఆరెంజ్ నది అట్లాంటిక్ సముద్రానికి చేర్చింది. అక్కడ నైరుతి నుంచి విరుచుకుపడే అలలు వాటిని తీరం వెంట ఉత్తరానికి నెట్టుకుపోయాయి. అందుకే నది ముఖం దగ్గర పెద్ద రాళ్లు, ఉత్తరానికి పోయేకొద్దీ చిన్న రాళ్లు దొరుకుతాయి. కొన్నిచోట్ల బలమైన గాలి తేలికైన ఇసుకను ఎగరగొట్టి బరువైన రాళ్లను లోయల్లో మిగిల్చింది. ఇంత ప్రయాణంలో పగుళ్లున్న రాళ్లు నలిగి పోగా గట్టివే మిగిలాయి కాబట్టి, ఈ తీరపు వజ్రాల్లో నూటికి 95 వరకు నగలకు పనికివచ్చేవే.

మెరుపు సంగతి: సాన పట్టని వజ్రం నూనె రాసిన గాజుపెంకులా జిడ్డుగా కనిపిస్తుందే తప్ప, నగలో చూసినట్లు నిప్పులు కురిపించదు. అయినా పొమోనా దగ్గరి లోయలో తొలినాళ్లలో వెన్నెల వెలుగులో కూడా రాళ్లు ఏరారని చెబుతారు. అక్కడ కూలీలు వరుసగా నేల మీద బోర్లా పడుకుని, పాకుతూ, ఇసుకను కళ్లతో జల్లెడ పట్టేవారు. ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఈ తీరం నుంచి వెళ్లిన రాళ్లు సుమారు 50 లక్షల క్యారెట్లు. క్యారెట్ అంటే 0.2 గ్రాములు కాబట్టి, ఒక టన్ను వజ్రాలన్నమాట.

ప్రశ్న: అంత కాపలా మధ్య రాళ్లు బయటికి ఎలా పోయేవి?

జవాబు: మింగడం అన్నిటికన్నా పాత పద్ధతి. దానికి విరుగుడుగా ఎక్స్‌రే వచ్చింది. ఈ గనుల అవసరం కోసమే, మనిషి ఒళ్లంతా అతి తక్కువ రేడియేషన్‌తో క్షణాల్లో చూసే యంత్రాన్ని దక్షిణాఫ్రికాలో తయారు చేశారు. అదే తర్వాత ప్రమాద బాధితులను పరీక్షించే ఆసుపత్రి పరికరంగా మారింది. ఆరెంజ్ నది ముఖం పరిసరాల్లో కొందరు పెంపుడు పావురాలకు రాళ్లు కట్టి ఎగరేసేవారు, అందువల్ల అక్కడ పావురాల పెంపకమే నేరమైంది. గని ప్రాంతంలోకి వెళ్లిన వాహనాలను తిరిగి బయటికి రానివ్వకపోవడం మరో జాగ్రత్త. పాడైన లారీలు, యంత్రాలు వందల సంఖ్యలో అక్కడే తుప్పు పట్టాయి. వీటితో పోలిస్తే డేవిస్ పథకం అమాయకంగా కనిపిస్తుంది, అది వేరే మాట.

ప్రశ్న: ఇప్పుడు ఆ ప్రాంతం ఎలా ఉంది? వెళ్లి చూడవచ్చా?

జవాబు: కొంతవరకు చూడవచ్చు. లెవాలాకు రాయి దొరికిన చోటికి దగ్గరలో వెలసిన కోల్మన్‌స్కోప్ పట్టణానికి ఒకప్పుడు ఆసుపత్రి, ఐసు ఫ్యాక్టరీ, నాట్యశాల ఉండేవి. దక్షిణాన నది ముఖం దగ్గర పెద్ద రాళ్లు బయటపడ్డాక జనం అటు తరలిపోయారు. 1956 నాటికి పట్టణం పూర్తిగా ఖాళీ అయింది. ఇప్పుడు గదుల్లో నడుములోతు ఇసుక ఉంది. అనుమతి పత్రం తీసుకుని ల్యూడెరిట్స్ నుంచి వెళ్లి చూసి రావచ్చు. నిషేధిత ప్రాంతాన్ని 2008లో జాతీయ వనంగా ప్రకటించారు, కానీ అందులో చాలా భాగానికి ఇంకా ఎవరూ ఇష్టం వచ్చినట్లు వెళ్లలేరు. గని హక్కులు 1994 నుంచి నమీబియా ప్రభుత్వమూ డి బీర్స్ అనే వజ్రాల సంస్థా చెరిసగం పంచుకున్న నామ్‌డెబ్ కంపెనీ చేతిలో ఉన్నాయి. తీరంలోని రాళ్లు తరిగిపోవడంతో, నేడు ఎక్కువ వజ్రాలను ఓడలే సముద్రపు అడుగు నుంచి తోడుతున్నాయి.