కౌంటర్‌లో కూర్చునే మేనకోడలికి

చి.సౌ. అమ్మలుకి మామయ్య దీవెనలు.

కూకట్‌పల్లిలో గోల్డ్ లోన్ బ్రాంచ్‌లో క్యాషియర్‌గా చేరావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నగల షాపుల్లో గల్లా దగ్గరే జుట్టు నెరిసినవాణ్ణి కాబట్టి, ట్రైనింగ్‌లో పైపైన దాటేసే సంగతి ఒకటి రాస్తున్నా. తుపాకీతో ఎవడైనా లోపలికొస్తే ఏం చెయ్యాలని.

అడిగింది ఇచ్చెయ్. అవి కంపెనీ బాధ్యతలో ఉన్న సొమ్ములు, వాటికి ఇన్సూరెన్స్ ఉంటుంది. కొత్తవాళ్ళకి "నా జీతంలో కోస్తారేమో" అని లోపల గుబులు, ఆ గుబులే చెయ్యి అడ్డం పెట్టిస్తుంది. ఆ మాటేదో రేపే మేనేజరుని అడిగి తేల్చుకో.

2025 ఆగస్టులో చందానగర్‌లో పట్టపగలు నగల షాపులోకి జొరబడినవాళ్ళు, లాకర్ తాళాలివ్వలేదని ఉద్యోగి కాలిమీద కాల్చారు. అదే ఏడాది జనవరిలో బీదర్‌లో ఏటీఎం డబ్బు దోచుకొచ్చినవాళ్ళు, అఫ్జల్‌గంజ్‌లో బ్యాగులు తనిఖీ చెయ్యబోతే ట్రావెల్స్ మేనేజర్‌ని కాల్చారు. తుపాకీ బొమ్మదా, నిజమైనదా అని పరీక్షించే పని మనది కాదు.

డ్రాయర్లో చెయ్యి పెట్టేముందు "తాళాలు తీస్తున్నా" అని చెప్పి, నెమ్మదిగా తియ్యి. హిందీలో అరిస్తే హిందీలోనే జవాబివ్వు, అర్థంకాక రెచ్చిపోకుండా ఉంటారు. సేఫ్‌కి టైమ్ లాక్, అంటే కొంతసేపు ఆగితేగాని తెరుచుకోని తాళం, ఉంటే మొదటి మాటలోనే చెప్పెయ్. చెప్పకపోతే ఆలస్యం నీ నాటకమనుకుంటారు. కౌంటర్ కింద అలారం మీట ఉన్నా, వాళ్ళ చూపు నీమీద లేదని గట్టిగా తెలిస్తేనే నొక్కు. గాజులు తాకట్టు పెట్టడానికొచ్చిన ఏ పెద్దాయనో పౌరుషానికి పోతే, "కూర్చోండి బాబాయ్" అని ఆపు.

ముఖాల్లోకి తేరిపార చూడకు. మాస్కు తీసేస్తారు, చొక్కా మారుస్తారు, చెప్పులు మార్చే తీరిక మాత్రం తక్కువమందికే ఉంటుంది. అవి చూడు. ఏ చేత్తో తుపాకీ పట్టాడు, ఒకణ్ణొకడు ఏమని పిలుచుకున్నారు, అవీ గుర్తుపెట్టుకో.

వాళ్ళు వెళ్ళగానే తలుపేసి 112కి ఫోన్. వెంటపడటాలు, బండి నంబరు కోసం రోడ్డుమీదికి పరుగులు వద్దు. క్లూస్ టీమ్ వచ్చేదాకా వాళ్ళు తాకినవేవీ ముట్టుకోవద్దు. ఆలోపు ఎవరికి వాళ్ళు చూసింది కాగితంమీద రాసుకోండి. అందరూ కూర్చుని మాట్లాడుకున్నారంటే అందరికీ ఒకే కథ తయారవుతుంది, పోలీసులకి దానితో పనిలేదు. సీసీటీవీ ముక్క వాట్సాప్‌లో పెట్టే మహానుభావుడు ఒకడుంటాడు, వాణ్ణి ఆపు.

తర్వాత కొన్నాళ్ళు తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతావు. అది తగ్గకపోతే డాక్టరుకి చూపించుకో. మర్నాడే అదే సీట్లో కూర్చోమంటే మొహమాటపడకుండా కుదరదను. మీ అమ్మకి మాత్రం టీవీవాళ్ళకంటే ముందు నువ్వే ఫోన్ చెయ్యి, ఆవిడ సంగతి తెలిసిందేగా.

మామయ్య