మెదడుకు వచ్చింది వాపా, మంటా?

సందేహం: మా అన్నయ్య తలకు దెబ్బ తగిలి ఐసీయూలో ఉన్నాడు. డాక్టరుగారు ‘మెదడు వాచింది, ఇన్‌ఫ్లమేషన్ కూడా ఉంది’ అన్నారు. బంధువులకు నేను ‘మెదడువాపు వ్యాధి’ అని మెసేజ్ పెడితే, అది దోమలతో వచ్చేది కదా అని అందరూ టెన్షన్ పడ్డారు. ఇన్‌ఫ్లమేషన్‌ను తెలుగులో ఏమనాలి? వాపా, మంటా, శోథా?

సమాధానం: డాక్టరుగారి మాటలో తప్పు లేదమ్మా. మీరు చేర్చిన ‘వ్యాధి’ దగ్గరే చిక్కు వచ్చింది. చూచు నుంచి చూపు, కాచు నుంచి కాపు వచ్చినట్టే వాచు నుంచి వాపు వచ్చింది. ఉబ్బడమే దాని అర్థం, కారణం ఏదైనా కావచ్చు. ‘మెదడువాపు వ్యాధి’ మాత్రం ఎక్కువగా వైరస్‌ల వల్ల వచ్చే ఎన్‌సెఫలైటిస్‌కు పేరుగా స్థిరపడిపోయింది. దెబ్బ తర్వాత మెదడుకు నీరు పట్టి ఉబ్బితే ‘మెదడు వాచింది’ అంటే చాలు. పుర్రెలో ఉబ్బడానికి చోటుండదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఆ మాటకు అంత భయం.

ఇన్‌ఫ్లమేషన్ అంటే ఒక్క వాపే కాదు. ముల్లు గుచ్చుకున్న వేలిని చూడండి. చుట్టూ ఎర్రబడుతుంది, ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది, వాస్తుంది, సలుపుతుంది. రోమన్ రచయిత సెల్సస్ దాదాపు 2000 ఏళ్ల కిందట చెప్పిన నాలుగు లక్షణాలూ ఇవే. మెదడులోనూ వెన్నుపాములోనూ ఇదంతా కంటికి కనబడదు. అక్కడే కాపలా ఉండే మైక్రోగ్లియా అనే రక్షక కణాలు ముందు కదులుతాయి. గంటల్లో, రోజుల్లో రక్తం నుంచి తెల్లకణాలు వచ్చి చేరతాయి. చచ్చిన కణాల చెత్తను ఎత్తిపోసేవి అవే, ఆ ఊపులో బాగున్న కణాలను దెబ్బతీసేవీ అవే. నరాల కణాలకు అండగా ఉండే ఆస్ట్రోసైట్లు అనే కణాలు గాయం చుట్టూ దడి కట్టినట్టు చేరి, చెడు పక్కకు పాకకుండా చూస్తాయి. కానీ తెగిన నరాల పోగులు మళ్లీ సాగడానికి ఆ దడే అడ్డం కావచ్చు. ఇది ఒంటి సొంత స్పందన. కాబట్టి ‘ఇన్‌ఫ్లమేషన్ సోకింది’ అని రాయకండి. సోకేది బయటి నుంచి వచ్చిన జబ్బు. ‘పుండు రేగింది’ అంటాం చూడండి, ఆ ‘రేగడం’ దీనికి చక్కగా అతుకుతుంది.

‘మంట’ వద్దనే అంటాను. మెదడు కణజాలానికి స్వయంగా నొప్పే తెలియదు. పైగా వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు చాలామంది ‘కాళ్లు మండుతున్నాయి’ అంటారు. అది వాళ్లు పడే బాధ. లోపల జరిగే క్రియకూ అదే పేరు పెడితే రెండూ కలగాపులగమవుతాయి.

ఇక శోథ. అమరకోశం శోఫ, శ్వయథు, శోథ మూడింటినీ పర్యాయపదాలుగా చెప్పింది. మూడింటికీ వాపనే అర్థం. వైద్య పుస్తకంలో నిర్వచించి వాడుకోవచ్చు గానీ, ఐసీయూ బయట కూర్చున్నవాళ్లకు అది వాపు కంటే కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇన్‌ఫ్లమేషన్ అనే మాటనే ఉంచి, పక్కన ఒక వాక్యంలో విడమరచడం మేలు.

వెన్నెముక, వెన్నుపాము విషయంలోనూ జాగ్రత్త. మొదటిది ఎముకల వరస, రెండోది దాని లోపలి నరాల తాడు. పూస విరిగినంత మాత్రాన వెన్నుపాము తెగినట్టు కాదు.

మీ మెసేజ్ ఇలా మార్చండి: ‘దెబ్బ వల్ల అన్నయ్య మెదడు వాచింది. గాయం చుట్టూ ఇన్‌ఫ్లమేషన్ రేగింది. ఇది అంటువ్యాధి కాదు. వాపు తగ్గేదాకా ఐసీయూలోనే ఉంచుతారట.’