ఎమ్మెస్సీ చదివిన బిడ్డకు పెద్దబాపు ఉత్తరం

హన్మకొండ

బిడ్డా,

ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసైనవని మీ బాపు ఫోన్ చేసి చెప్పిండు. చాలా సంతోషం. ఇక హైదరాబాద్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు కూర్చుంటవట. పరీక్షలు రాయి, వద్దనను. కానీ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ ఏళ్లు పోగొట్టుకోకు. ముందు ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌ల పనితనం చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో చేరు. నీళ్లు, గాలి పరీక్షించే పనిలోనే జీవితమంతా ఉన్న కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్న.

మొదట్లో జీతం తక్కువే. కానీ శాంపిల్ తీయడం అక్కడే చేతికొస్తది. నాలా నీళ్లలో ఆక్సిజన్ చూడాలంటే సీసాలో ఒక్క బుడగ కూడా లేకుండా నింపాలి. ఆ గట్టు మీదనే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ వేసి, మూత బిగించి తిప్పాలి. గోధుమ రంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు. తెల్లగనే ఉండిపోతే ఆ నీళ్లలో చేప బతకదు. బీఓడీ, అంటే మురికిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటయో చూసే పరీక్ష, దాని సీసాలను 27 డిగ్రీల్లో 3 రోజులు ఉంచాలి. ఇవన్నీ స్వయంగా చేసినవాళ్లకు రిపోర్టులో తప్పుడు అంకె ఇట్టే దొరుకుతది. కుర్చీలో కూర్చునే అంకెలు వేయమనేవాళ్లూ తగులుతరు. అట్లాంటి కాయితం మీద సంతకం పెట్టకు బిడ్డా, ఉద్యోగం పోయినా సరే. ఆ నీళ్లు తాగేది మన ఊళ్లోళ్లే.

పని కోసం దూరం పోనక్కర్లేదు. సింగరేణి ఓపెన్‌కాస్టు బొగ్గు గనులు, రామగుండం ఎన్టీపీసీ, చెల్పూరు థర్మల్ ప్లాంటు, గీసుకొండ దిక్కు టెక్స్‌టైల్ పార్కు ఉన్నయి. అన్నిటికీ పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) కన్సెంటు, అంటే అనుమతి కావాలి, షరతులు పాటిస్తున్నట్టు లెక్క చూపాలి. కొన్నాళ్లయ్యాక ఈఐఏ, అంటే ఒక ప్రాజెక్టుతో పర్యావరణానికి ఏమైతదో ముందే అంచనా వేసే రిపోర్టు, అది తయారుచేసే కన్సల్టెన్సీలకు పోవచ్చు. అక్కడ నాబెట్ (ఆ కన్సల్టెన్సీలకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు పొందిన నిపుణులకే విలువ. గాలి, నీళ్లు, జీవవైవిధ్యం దేనికదే వేరు, ఏదో ఒకటి పట్టుకో. డిగ్రీలో బీజడ్సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చదివినవు కదా, నీకైతే జీవవైవిధ్యం బాగుంటదని నా మనసు.

ఆ బీజడ్సీయే ఇంకో మేలు చేసింది. యూపీఎస్సీ ఫారెస్ట్ సర్వీసుకు అర్హత సబ్జెక్టుల్లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పేరు లేదు. బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ ఉన్నయి. పీసీబీలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరు పోస్టుకు మాత్రం ఇంజనీరింగే కావాలి, దానికి ఫీజు కట్టకు. లెక్చరర్ కావాలనుంటే నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయి, నీ సబ్జెక్టుకు వేరే పేపరుంది.

భూపాలపల్లి దిక్కు ఏదైనా గనికి ప్రజాభిప్రాయ సేకరణ పడితే తప్పకుండా పో. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందే ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా రిపోర్టు కలెక్టరాఫీసులో చూడొచ్చు, సారాంశం తెలుగులోనూ ఉంటది. రిపోర్టులో బావులు, చెరువుల గురించి ఏం రాసిండ్రో చదివి, అదే ఊళ్లో రైతులను అడుగు. పోయే ముందు నాకు ఫోన్ చెయ్యి, నేనూ వస్త.

మీ పెద్దబాపు