రెజొనేటర్ గిటార్‌పై స్లైడ్ జరిపితే గరగర ఎందుకు?

ఒంగోలులో ఉంటూ కొత్తగా రెజొనేటర్ గిటార్ (లోపలి లోహపు శంకువుతో ధ్వనిని పెంచే గిటార్) కొన్నానని, స్లైడు అనే గాజు గొట్టాన్ని వేలికి తొడిగి జరిపితే అపశ్రుతితో పాటు గరగర కూడా వస్తోందని అడిగారు. మామూలుగా గిటార్ వాయించేటప్పుడు వేలిని మెట్టుకు (ఫ్రెట్‌కు) కొంచెం వెనక నొక్కుతాం. స్లైడును మాత్రం సరిగ్గా మెట్టుకు పైన, తీగ మెట్టును తాకకుండా తేలికగా ఆనించాలి. గొట్టాన్ని చిటికెన వేలికి తొడిగితే తక్కిన వేళ్లు దాని వెనక తీగలపై వాలి ఆ గరగరను అణుస్తాయి; లోపలి అల్యూమినియం శంకువు ప్రతి చిన్న చప్పుడునూ పెంచుతుంది కనుక, నా దృష్టిలో మొదట సాధన చేయవలసింది ఇదే.

ఆరు, ఐదు, ఒకటో తీగల శ్రుతిని రెండేసి మెట్ల మేర దించితే, తీగలను నొక్కకుండా మీటినా జి మేజర్ కార్డ్ పలికే ఓపెన్ జి శ్రుతి, అంటే మన లెక్కలో ప‑స‑ప‑స‑గ‑ప, కుదురుతుంది. మెట్లు లేకుండా తీగలపై జార్చి వాయించే చిత్రవీణ విన్న చెవికి ఈ జారుడు కొత్తేమీ కాదు. తీగలు మెట్లకు మరీ దగ్గరగా ఉంటే దళసరివి వేయించండి. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా వాయించాక పొడిగుడ్డతో తుడవండి.