ఇల్లు కట్టబోతున్న మేనకోడలికి

చి.ల.సౌ. అమ్మలుకి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ ప్రింటు తీయించి తీరిగ్గా చూశాను. నడిమధ్య మండువా, పడమర గోడంతా అద్దాలు, వంటింటికీ హాలుకీ మధ్య గోడ లేదు, ముందు కారు నిలిచే పోర్టికో. కోరికలన్నీ బాగానే ఉన్నాయి. ఇంజినీరుకి మళ్లీ ఫోన్ చేసేముందు ఒక్కోదాని పక్కన 'ఇది నాకెందుకు' అని రాసుకో. అక్క చేతా, అల్లుడుగారి చేతా కూడా రాయించు. మండువా కావాలని ఎవరన్నా అన్నారంటే దాని వెనక గాలో, వెలుతురో, చిన్నప్పటి ఇంటి మీద మమకారమో ఉంటుంది. అదేదో తెలిస్తే ఎలా కట్టాలో తెలుస్తుంది.

మండువా సంగతే ముందు తీసుకుందాం. మన పాత లోగిళ్లలో నాలుగు వైపుల పెంకూ లోపలికి వాలి ఉండేది. వాన నీళ్లు మధ్య గుంటలో పడి తూములోంచి పెరట్లోకి పోయేవి. లోపలి గదులకి వెలుతురు అక్కణ్ణించే. వేడెక్కిన గాలి పైకి పోతుంటే వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా చల్లగాలి ఆడేది. వీధిలోకి రాకుండానే వడియాలు ఎండబెట్టుకోవచ్చు. నీ ప్లాన్‌లో మండువా మీద నాలుగు పక్కలా మూసేసిన అద్దం ఉంది. వెలుతురు వస్తుంది, వేడి మాత్రం పోదు. రోహిణి కార్తెలో దాని కింద నిలబడలేక నువ్వే పైన గోనెపట్టా కప్పిస్తావు. కోతులూ దొంగలూ భయమైతే గ్రిల్లు వేయించు. అద్దం తప్పదంటే దాన్ని స్లాబు మీంచి అడుగున్నర లేపి, ఆ సందుకి దోమల జాలీ బిగించి వదిలెయ్యి. చూరు రెండడుగులన్నా బయటికి రావాలి, మన తుఫాను వాన నిలువుగా పడదు కదా. కింద గుంటా, తూమూ, తూముకి వాలూ ఉండాల్సిందే.

ఆ లోగిళ్లు ఎందుకు తగ్గిపోయాయో కూడా తెలుసుకో. టేకు ధర ఒకటి. అన్నదమ్ముల వాటాలు ఒకటి, మండువాని రెండుగా పంచుకోవడం ఎవరి తరమూ కాదు. ఆపైన కోనసీమ మీద విరుచుకుపడ్డ 1996 నవంబరు 6 తుఫాను. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరి తోటలు వరసలకి వరసలు ఒరిగిపోయాయి, పెంకులు ఎగిరిపోయాయి. ఆ రాత్రి చూసినవాళ్లు ఇప్పటికీ ఒక్క గదికైనా స్లాబు ఉండాలంటారు. దాన్ని చాదస్తమని కొట్టెయ్యకు. అక్క పడుకునే గది మీద గట్టి స్లాబే వేయించు, పడితే ఇంటి మీద పడే కొబ్బరిచెట్టుని ఉంచకు.

ఇక అరుగు. అక్క అడిగితే అల్లుడుగారు స్థలం దండగ అన్నారట. ఆయనకి నా మాటగా చెప్పు. వీపుకి గోడ, తలమీద చూరు, ఎదురుగా వీధి, ఇదీ అరుగు. మనుషులకి ఎలాంటి చోటు నచ్చుతుందో ఆలోచించి జే ఆపిల్టన్ అనే బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త 1975లో ఇలాంటి మాటే చెప్పాడు: నలుగురినీ చూడగలగాలి, తనకి మరుగూ ఉండాలి. అక్క అక్కడ కూర్చుని మునగాకు దూస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి, "ఏమ్మా, అమ్మాయి ఎప్పుడొస్తోంది?" అని అడిగి పోతారు. లోపలికి పిలవాలా, కాఫీ పెట్టాలా అనే మొహమాటం ఎవరికీ ఉండదు. మీరు హైదరాబాదులో ఉంటే ఒంటరిగా ఉండే మనిషికి ఆ పలకరింపులు ఎంత అవసరమో ఆలోచించు. పోర్టికోలో గ్రానైటు మెట్టు వేసి అదే అరుగు అనుకోవద్దు. కారు అడ్డం నిలిస్తే వీధి కనపడదు, ఎండపూట నల్లరాయి మీద చెయ్యి పెట్టలేం. అడుగున్నర ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు, పైన ఎర్ర గచ్చు చాలు.

గోడ లేని వంటిల్లు ఎందుకంటే, వంట చేస్తూ ఒక్కదాన్నే ఉండలేనన్నావు. న్యాయమే. అయితే మండువా వైపు గోడకి వెడల్పాటి కిటికీ కోయించు, అందరూ కనపడతారు, మాటలూ వినపడతాయి. శ్రావణంలో పులస వండిన వాసన మాత్రం సోఫాలకి పట్టదు. చేపలు తోముకోవడానికి పెరట్లో ఒక గట్టూ, కుళాయీ పెట్టించు.

పడమర అద్దాలు వద్దే వద్దు. ఆ వైపు మెట్లు, బాత్‌రూములు, సామాన్ల గది పెట్టు, మధ్యాహ్నపు ఎండని అవి ఆపుతాయి. సముద్రం మనకి దక్షిణంగా, తూర్పుగా ఉంది. సాయంత్రం చల్లగాలి అటునుంచే. వాస్తు చూసేవాళ్లు దక్షిణం గుమ్మం వద్దంటే వద్దు, కిటికీలు మాత్రం మూయించకు. అక్క మంచం ఆ కిటికీ పక్కన, అరటిచెట్లు కనపడేలా వేయాలి. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే అమెరికా పరిశోధకుడు ఒక ఆసుపత్రి లెక్కలు తీసి చూస్తే, ఆపరేషన్ అయ్యాక కిటికీలోంచి చెట్లు కనపడినవాళ్లు ఇటుక గోడ కనపడినవాళ్లకంటే ముందే ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులూ తక్కువే వాడారు.

పునాది బాగా లేపాలని నువ్వూ, అంత ఎత్తు ఎక్కలేనని అక్కా అంటున్నారు, ఇద్దరూ కరెక్టే. గోదారి 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి వచ్చింది, 2022 జులైలో 71.3. నీ స్థలం ఏటిగట్టుకి ఇవతలే ఉన్నా, పాతవాళ్లని అడిగి అప్పుడు నీళ్లెక్కడిదాకా వచ్చాయో గుర్తు పెట్టించు. రోడ్డు కూడా వేసినప్పుడల్లా పెరుగుతోంది. అలాగని అయిదడుగులు లేపితే అక్క మోకాళ్లకి కష్టం. నీళ్ల గుర్తు మూడడుగులు దాటకపోతే రోడ్డు మీంచి మూడడుగులు చాలు. మెట్టు ఆరంగుళాలు మించకుండా, పట్టుకోవడానికి ఒక కమ్మీ. లోపల రేగడి మట్టి నింపనివ్వకు. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంగుతుంది, పైన టైల్స్ పగులుతాయి. ఇసకే పోయించి, నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టించు. సెప్టిక్ ట్యాంకు కూడా లోతుకి దింపకుండా కాస్త పైకే కట్టించు, వానాకాలం మన దగ్గర నీళ్లు పైపైనే ఉంటాయి.

స్థలంలో ముగ్గు పోయించినప్పుడు అక్కని తీసుకెళ్లు. మంచం పడే చోట మంచం, అరుగు చోట కుర్చీ వేయించి సాయంత్రం నాలుగింటికి కూర్చోబెట్టు. ఎండ ఎటు కొడుతోందో, గాలి ఎటు వస్తోందో, వీధి కనపడుతోందో లేదో తనే చెప్తుంది. కాంట్రాక్టరుతో అగ్రిమెంటు ఆ తరవాతే. కొత్త ప్లాన్ గీయించాక నాకు పంపు. ఈసారి కిటికీల కొలతలు కూడా వేయించు, పంపినదాంట్లో అవి లేవు.

ఆశీస్సులతో,
మావయ్య