పన్ను కడుతున్నాం, ఓటెందుకు లేదు?

ప్రశ్న: గ్రీన్‌కార్డు మీద అమెరికాలో ఉంటున్నాను. పన్నులన్నీ కడుతున్నాను, పిల్లలు ఇక్కడి బడిలోనే చదువుతున్నారు, ఓటు మాత్రం లేదు. లండన్‌లో స్టూడెంట్ వీసా మీద ఉన్న మా తమ్ముడు అక్కడ ఓటేశానంటున్నాడు. అదెలా? ఈమధ్య డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్ ఫారంలో ఓటరుగా నమోదు చేయాలా అని అడిగితే టిక్ పెట్టేశానేమోనని అనుమానం, టెన్షన్‌గా ఉంది. ఇండియాలోనూ లేక, ఇక్కడా లేక, మాలాంటి వాళ్లకు ఎక్కడా ఓటు లేకపోవడం న్యాయమేనా?

జవాబు: న్యాయాన్యాయాల సంగతి తర్వాత. ముందు ఆ టిక్ సంగతి తేల్చుకోండి.

అమెరికాలో పౌరులు కానివాళ్లు ఫెడరల్ (దేశస్థాయి) ఎన్నికల్లో ఓటేయడం 1996 చట్టం ప్రకారం నేరం. ఏడాది దాకా జైలు పడవచ్చు. జైలు కన్నా పెద్ద దెబ్బ ఇమిగ్రేషన్ వైపు నుంచి వస్తుంది. చట్టవిరుద్ధంగా ఓటేసినవాళ్లను దేశం నుంచి పంపించేయవచ్చు. అసలు ఓటే వేయకపోయినా, ‘నేను పౌరుణ్ని’ అన్న గడికి ఎదురుగా టిక్ పెట్టి సంతకం చేస్తే, పౌరసత్వం ఉందని అబద్ధం చెప్పినట్టు లెక్కగట్టే ప్రమాదం ఉంది. రేపు మీరు సిటిజన్‌షిప్‌కు అప్లై చేసినప్పుడు, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా అని ఆ దరఖాస్తులోనే అడుగుతారు. కాబట్టి మీ పేరు జాబితాకెక్కిందో లేదో చూసుకోండి. ఎక్కి ఉంటే ఓటేయకండి. ఇమిగ్రేషన్ లాయరుకు ఫారం కాపీ చూపించి, ఆయన చెప్పినట్టు రాతపూర్వకంగా పేరు తీయించుకోండి, ఆ కాగితాలు దాచుకోండి. కౌంటర్‌లో ఉన్నవాళ్లు పెట్టమంటే పెట్టాను అనే మాట మిమ్మల్ని కాపాడుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

మీ తమ్ముడు చెప్పింది నిజమే. బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులు ఓటరుగా నమోదైతే పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటేయవచ్చు. భారతీయులూ అందులోకే వస్తారు. సామ్రాజ్యం పోయినా దాని వెనక మిగిలిన హక్కు అది. న్యూజిలాండ్ 1975 నుంచే శాశ్వత నివాసులకు ఓటిచ్చింది. అయితే అభ్యర్థిగా నిలబడాలంటే పౌరసత్వం ఉండాలి. యూరోపియన్ యూనియన్‌లో ఒక సభ్యదేశపు పౌరుడు మరో సభ్యదేశంలో ఉంటే అక్కడి స్థానిక ఎన్నికల్లో ఓటేస్తాడు. అదే జర్మనీలో, 1990లో విదేశీయులకు స్థానిక ఓటిచ్చిన రెండు రాష్ట్రాల చట్టాలను రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఒక దేశంలో హక్కు ఇంకో దేశంలో రాజ్యాంగ విరుద్ధం, అంతే తేడా.

మీరున్న అమెరికాలోనూ ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో పౌరులు కానివాళ్లు ఓటేసేవారు. 1920ల కల్లా ఆ తలుపులు మూసుకున్నాయి. ఇప్పుడు మేరీలాండ్‌లోని టకోమా పార్క్ లాంటి కొన్ని ఊళ్లు స్థానిక ఎన్నికల్లో ఓటిస్తున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో పిల్లలున్న తల్లిదండ్రులు స్కూల్ బోర్డు ఎన్నికకు ఓటేయవచ్చు. న్యూయార్క్ నగరం 2021లో ఇలాంటి చట్టమే చేస్తే, 2025లో ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు చెల్లదంది. ఎక్కడో చదివిన వార్త మీ ఊరికీ వర్తిస్తుందనుకుంటే చిక్కే.

ఇక న్యాయమా అంటే, పన్ను వాదన నాకంత బలంగా కనిపించదు. పన్ను కట్టడమే ఓటుకు ఆధారమైతే, ఆదాయం లేనివాళ్ల ఓటు పోవాలి, కంపెనీలకు ఓటు రావాలి. మీ ప్రశ్నలో అసలు బలమున్నది పిల్లల బడి దగ్గర. ఆ బడి, ఆ రోడ్డు, ఆ పోలీసు గురించి తీసుకునే నిర్ణయాలు మీ మీద రోజూ పనిచేస్తాయి, వాటిలో మీ మాటకు చోటు లేదు. అందుకే ఏళ్ల తరబడి స్థిరపడ్డవాళ్లకు స్థానిక సంస్థల వరకైనా ఓటివ్వాలన్నదే నా అభిప్రాయం. యుద్ధం, విదేశాంగం, రాజ్యాంగం తేల్చే జాతీయ ఎన్నికల సంగతి వేరు. అక్కడ ‘మంచీచెడూ మీతోనే’ అని ఒప్పుకున్నవాళ్లకే ఓటు అని ఒక దేశం అనడంలో తప్పు కనిపించదు. మీకైతే ఆ దారి మూసి లేదు. గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్లకు సాధారణంగా పౌరసత్వానికి అప్లై చేయవచ్చు.

అన్నట్టు, ఇదే ప్రశ్న మన దేశాన్ని అడిగితే జవాబు ఇంకా కటువుగా ఉంటుంది. రాజ్యాంగం 326వ అధికరణ ఓటును పౌరులకే ఇచ్చింది, పంచాయతీ వార్డు ఎన్నికల్లో కూడా విదేశీయులకు చోటు లేదు. విదేశీ పౌరసత్వం తీసుకుని, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్న మన తెలుగువాళ్లకూ లేదు.

మీకు ఎక్కడా ఓటు లేదన్నది మాత్రం సరికాదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నంతకాలం మీరు భారత పౌరులే. ప్రజాప్రాతినిధ్య చట్టం 20ఏ సెక్షన్ కింద, ఫారం 6ఏ నింపి, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా నియోజకవర్గంలో ఓటరుగా నమోదు కావచ్చు. పోలింగ్ రోజు అసలు పాస్‌పోర్టుతో స్వయంగా బూత్‌కు వెళ్లాలి. విదేశంలో ఉంటూ పాత ఇంటి చిరునామాలో మామూలు ఓటరుగా కొనసాగడం సరికాదు, చాలామంది అలాగే వదిలేస్తారు. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజున భారత పౌరసత్వంతో పాటు ఈ ఓటు కూడా పోతుంది. అప్పుడు ఇండియా ఓటర్ల జాబితాలోంచి పేరు తీసేయమని ఫారం 7 ఇవ్వండి.